మధ్య భాగమున కొంత విషయము కలదు

మా ఆఫీసులో కాగితం ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినదాంట్లో మా తప్పేమీ లేదంటే మీరు నమ్మరు.

మాది రాష్ట్ర విశ్రాంతి గృహాల డైరెక్టరేటు. ఉండేది బెజవాడలో. కొండల మీద, కాలవగట్ల మీద, అడవుల్లో ప్రభుత్వానికి ఉన్న బంగళాలన్నీ మా కిందకే వస్తాయి. ఏ పెద్దమనిషి ఏ బంగళాలో పడుకోవాలో మేం ఆర్డరిస్తేగాని ఆయనకి నిద్ర రాదు. అలాంటి చోట నేను సూపరింటెండెంటుని. పేరు వీరభద్రయ్య. కోపం ఎక్కువని ఆఫీసులో అంటారు. రూలు తెలియని వాళ్ళని చూస్తే కోపం రాకుండా ఎలా ఉంటుందో నాకు తెలియదు.

కాగితం సంగతి. టైపిస్టు నాగమల్లీశ్వరి కంప్యూటర్లో ఆర్డరు కొడుతుంది. ప్రింటు తీస్తుంది. డైరెక్టరు గారు ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేస్తారు. పక్కన గుండ్రటి సీలు పడుతుంది. అప్పుడు ఆ కాగితాన్ని స్కానర్లో పెట్టి, ఫొటో తీసి, ఆఫీసు వెబ్‌సైటులో పెడతాం. స్కానరు మూత సరిగ్గా పడదు కాబట్టి ఫొటోలో కాగితం కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. ఆ పని అయ్యాక, మల్లీశ్వరి మొదట కొట్టిన ఫైలుని కంప్యూటర్లోంచి చెరిపేయిస్తాను. ఒకే ఆర్డరు రెండు చోట్ల ఉంటే ఏది అసలు, ఏది నకలు అని రేపు కోర్టువారు అడిగితే ఎవడు చెప్తాడండీ?

ఇక కరుణ. మా టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. రాష్ట్రంలో ఉన్న ప్రతి బంగళా వాచ్‌మన్ గొంతూ గుర్తుపట్టి పేరు పెట్టి పలకరిస్తుంది. ఆమె భర్త ప్రభుదాసుకీ చూపు లేదు, ఊళ్ళోనే బ్యాంకులో పని. పొద్దున్నే ఇద్దరూ ఒకే సిటీ బస్సెక్కి, ఆయన ముందు స్టాపులో దిగి, ఈవిడ తర్వాత స్టాపులో దిగి, సాయంత్రం మళ్ళీ కలుసుకుని ఇంటికి పోతారు. ఆ సంసారం అలా నడుస్తోంది.

కరుణ కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ అని ఒకటుంది. తెర మీద అక్షరాలుంటే గొంతుతో చదివి వినిపిస్తుంది. కానీ ఫొటో పెడితే దానికేమీ తెలియదు. "ఇమేజ్" అని ఒక్క ముక్క అని ఊరుకుంటుంది. అంచేత మా శాఖలో పుట్టిన ఆర్డర్లన్నీ ఆమెకి ఆ ఒక్క ముక్కే. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. మధ్యాహ్నం పెరుగన్నం తింటూ మల్లీశ్వరి ఆ రోజు ఆర్డర్లన్నీ గడగడా చదివేసేది, కరుణ వినేసేది. అంతా సుఖంగా ఉన్న సమయంలో పైనుంచి రూలు వచ్చింది.

శాఖల వెబ్‌సైట్లలో పెట్టే ప్రతి పత్రమూ చూపు లేనివారు స్వతంత్రంగా, ఇతరుల సహాయం లేకుండా చదువుకునేలా ఉండాలట. ఫొటోలు పెడితే ప్రతి ఫొటోకీ కింద వర్ణన ఉండాలట.

డైరెక్టరు గారు వెంటనే మీటింగు పెట్టారు. కరుణని కూడా పిలిచాం, లబ్ధిదారు హోదాలో. నేను మినిట్స్ రాసుకుంటున్నాను.

"అమ్మా కరుణా, ఈ విషయంలో నీ అభిప్రాయాన్ని సభ కోరుతున్నది," అన్నారు డైరెక్టరు గారు.

"ఏవుందండీ సార్, మల్లీశ్వరి కొట్టిన ఫైలు ఉంటది కదా, దాన్నే పెట్టేయండి. ఫొటో తియ్యబాకండి. నా కంప్యూటరు చదివేసుకుంటది," అంది కరుణ.

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీ సూచన హర్షణీయం. కానీ సంతకం లేని కాగితం కాగితం ఎలా అవుతుందమ్మా?"

"డిజిటల్ సంతకం ఉంటది కదండీ. మా ఆయన బ్యాంకులో అదే వాడతారు."

"ఉన్నది. పెన్ డ్రైవు రూపంలో బీరువాలో భద్రపరచి ఉన్నది. కానీ దాంట్లో ఆకుపచ్చ ఇంకు లేదు."

"పోనీ ఫొటో కింద వర్ణన రాయాలంటున్నారు కదా, అక్కడ ఆర్డర్లో ఉన్న మ్యాటరే టైపు చేసెయ్యండి సార్."

అప్పుడు మా డిప్యూటీ డైరెక్టరు నరసింహాచార్యులు గారు చెయ్యెత్తారు. ఆయన మాట్లాడితే నోట్ ఫైలు చదివినట్టే ఉంటుంది. "మ్యాటరును తిరిగి టైపు చేసినచో అది నకలగును," అన్నారు. "నకలునకు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ అవసరము. ధ్రువీకరణ యనగా సంతకము. సంతకము చేయవలెనన్న ప్రింటు తీయవలెను. ప్రింటును వెబ్‌సైటున నుంచవలెనన్న స్కాను చేయవలెను. స్కాను చేసినచో అది ఫొటో. ఫొటోకు వర్ణన అవసరము. ఆ వర్ణనలో మ్యాటరును టైపు చేసినచో అది నకలగును."

నాకు కళ్ళు తిరిగాయి. అయినా మినిట్స్‌లో 'సుదీర్ఘంగా చర్చించడమైనది' అని రాశాను. మ్యాటరు తప్ప ఫొటోలో కనపడేవన్నీ వర్ణించాలని తీర్మానమైంది. ఆచార్యులు గారిని శాఖ వర్ణనాధికారిగా నియమించారు. పాపం ఆయన సర్వీసంతా దిండ్ల కొనుగోలు ఫైళ్ళలోనే గడిచిపోయింది. ఇన్నాళ్ళకి తన విద్యకి తగిన పని దొరికిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మొదటి వర్ణన పెట్టిన రోజున కరుణ కంప్యూటరు చుట్టూ మేమంతా నిలబడ్డాం. ఆ గొంతు చదవడం మొదలెట్టింది.

"ఇది యొక కాగితపు ఛాయాచిత్రము. కాగితము శ్వేతవర్ణము. ఎడమ ప్రక్కకు కించిత్తు వాలియున్నది. శిరోభాగమున శాఖా చిహ్నమైన తలగడయు, దానిపై లాంతరును విరాజిల్లుచున్నవి. మధ్య భాగమున కొంత విషయము కలదు. క్రింది భాగమున గౌరవనీయ సంచాలకుల వారి హస్తాక్షరము. అది ఆదిలో నిటారుగా లేచి, పిమ్మట ముమ్మారు సుడి తిరిగి, తుదకు రెండు చుక్కలతో విశ్రమించును. వర్ణము లేత అరటియాకు..."

ఇంకా సీలు గురించి చాలా ఉంది. డైరెక్టరు గారు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. తన సంతకంలో ఇంత ఉందని ఆయనకీ అప్పటిదాకా తెలియదు.

"మరి మజ్జెలో ఉన్న విషయం ఏంటండీ?" అంది కరుణ.

"అదే చెప్పింది కదమ్మా, కొంత విషయము కలదని," అన్నారు ఆచార్యులు గారు.

తర్వాత మా అకౌంట్సు ఆఫీసరు గొడవ మొదలెట్టాడు. ఆయన సంతకానికి ఆచార్యులు గారు రాసినదల్లా 'చిన్న గీత' అని. "నా సర్వీసేంటి, నా గీతేంటి!" అని రెండ్రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, కొమ్ములూ మెలికలూ పెట్టి కొత్త సంతకం నేర్చుకొచ్చాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ నేర్చారు. ఎవరి వర్ణనా డైరెక్టరు గారి వర్ణన కంటే పొడుగ్గా ఉండకూడదని ఒక సర్క్యులరు ఇచ్చాం. దాంతో డైరెక్టరు గారే తన సంతకాన్ని పెంచారు, కింద వాళ్ళకి కొంచెం వెసులుబాటు ఉంటుందని. సంతకాలు పెరిగేసరికి కాగితంలో చోటు చాల్లేదు. మ్యాటరుని చీమ తలకాయంత అక్షరాల్లోకి కుదించాం. ఇప్పుడు కళ్ళున్నవాళ్ళు కూడా మా ఆర్డర్లు చదవలేకపోతున్నారు. 'సమానత్వ సాధనలో ముందంజ' అని ఆ ఏడు వార్షిక నివేదికలో రాశాం. నేనే రాశాను.

ఇంతలో ఆచార్యులు గారు ఒక ఘోరాన్ని కనిపెట్టారు. మధ్యాహ్నం భోజనాల గదిలోకి వెళ్తే, మల్లీశ్వరి కరుణకి ఆర్డరు చదివి వినిపిస్తోంది! స్వతంత్రంగా, ఇతరుల సహాయం లేకుండా అని రూలు స్పష్టంగా ఉండగా, పక్కనే కూర్చుని సహాయం చేస్తోంది. ఆయన పరుగెత్తుకొచ్చి డైరెక్టరు గారికి చెప్పారు. సాయంత్రానికల్లా సర్క్యులరు తయారైంది: 'ఒకరు చదువుకొనవలసిన పత్రమును మరొకరు చదివి వినిపించుట గాని, ఆఫీసు లోపల గాని వెలుపల గాని, నోటితో గాని సైగతో గాని తెలియజేయుట గాని నిషేధము.' చూపులేని ఉద్యోగులకి ప్రింటు ఇవ్వకూడదు, అది వాళ్ళు చదవలేని రూపం కాబట్టి. తెరని ఫోనుతో ఫొటో తీయకూడదు, అది మా రహస్యం కాబట్టి. వాళ్ళు మాకు అర్జీ పెట్టుకోవాలంటే మాత్రం తమకు అనువైన ఏ రూపంలోనైనా పెట్టుకోవచ్చు. ఈ చివరి ముక్క దయతో చేర్చింది.

మల్లీశ్వరికి మెమో ఇచ్చాం. ఆ పిల్ల ఇంకా ప్రొబేషన్లో ఉంది. ఇంకోసారి దొరికితే ఇంటికే.

సరిగ్గా అప్పుడే బదిలీల జాబితా వచ్చింది. డైరెక్టరు గారి క్యాంపు క్లర్కు రహస్యంగా కొట్టాడు, రహస్యంగా స్కాన్ చేశాడు, సోమవారం పొద్దున్న ఆఫీసు కంప్యూటర్లలో మాత్రమే తెరుచుకునేలా పెట్టాడు. ఏటా లాగే అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఇవ్వాలి. అందులో జాబితా వరుస సంఖ్య, వేసిన చోటు, కారణం ఉండాలి. ఏది లేకపోయినా తిరస్కరిస్తాం. భార్యాభర్తలిద్దరూ ఒకే ఊళ్ళో ఉద్యోగులైతే బదిలీ ఆపేసే వీలుంది. కరుణకి చూపులేని కారణం ఎలాగూ ఉంది. అభ్యంతరం ఇస్తే చాలు, బదిలీ ఆగిపోతుంది. ఇవ్వకపోతే వెళ్ళాల్సిందే.

కరుణ జాబితా తెరిచింది. తలగడ వచ్చింది, లాంతరు వచ్చింది. మధ్య భాగమున పట్టిక రూపమున కొంత విషయము కలదు. తర్వాత సంతకాలు మొదలయ్యాయి. ఆమె తల వంచుకుని మొత్తం విన్నది. మళ్ళీ పెట్టుకుని విన్నది.

ఆఫీసంతా ఆమె వంక చూస్తోంది. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆమెని గుమ్మిడికోన వేశారు. ఏజెన్సీలో కొండ మీద బంగళా. వారానికి ఒక జీపు. అక్కడ అసలు టెలిఫోనే లేదు, టెలిఫోన్ ఆపరేటరుని వేశారు.

మల్లీశ్వరి ఆగలేక లేచి వచ్చింది. "అక్కా, నీ పేరు..." అంది.

"చెప్పమాక!" అంది కరుణ గట్టిగా. "నీ ఉజ్జోగం పోద్ది. నా పేరుందని నీ గొంతులోనే తెలిసిపోయింది, చాల్లే. పోయి కూకో."

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "సూపర్నెంటు గారూ, నన్ను ఎక్కడికేశారో, వరసలో ఎన్నో నెంబరో చెప్పండి. మిగతాది నేను రాసుకుంటాను."

"చెప్పకూడదమ్మా. సర్క్యులరు ఉంది."

"ఆ సర్క్యులరు ఎవరి కోసం వేశారండీ?"

"నీ కోసమే."

"నా కోసం వేసిందే నన్ను ఊరు దాటిస్తంటే ఏం చెయ్యాలండీ?"

దీనికి నా దగ్గర రూలు లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియక, ఎదురుగా ఉన్న పేపర్ వెయిట్ తీసి ఇటు పెట్టాను, అటు పెట్టాను. కరుణ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మంగళవారం ఆమె డైరెక్టరు గారిని కలిసింది. "వర్ణనలో ఏ లోపమైనా ఉన్న యెడల లిఖితపూర్వకంగా తెలియజేయవచ్చు," అన్నారాయన. బుధవారం ఆచార్యులు గారిని కలిసింది. పట్టికలో ఎన్ని గడులున్నాయో, గీతలు ఏ మందంలో ఉన్నాయో ఆయన అదనంగా వర్ణించి పెట్టారు. గురువారం ప్రభుదాసు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాడు. భార్యని ఎక్కడికి పంపుతున్నారో కూడా తెలియకుండా ఒక మనిషి మా గుమ్మంలో కూర్చున్నాడు. నేను ఆ పూట టీకి కిందకి దిగలేదు. దిగడానికి సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున్న కరుణ ఒక దళసరి కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తెల్లగా ఉంది. నిండా బొడిపెలు.

"ఏంటమ్మా ఇది?"

"అర్జీ అండీ. బ్రెయిలీలో రాశాను. నాకు అనువైన రూపంలో పెట్టుకోవచ్చని మీ సర్క్యులర్లోనే ఉందంట కదా. అది మల్లీశ్వరి నాకు చెప్పింది గానీ, సర్క్యులరు రాకముందే చెప్పింది లెండి," అంది నవ్వకుండా.

తీసుకోక తప్పదు. ఇన్‌వర్డు నెంబరు వేసి స్కానర్లో పెట్టాం. ఫొటోలో తెల్ల కాగితం తప్ప ఏమీ రాలేదు. ఆచార్యులు గారు దానికి వర్ణన రాయడానికి కూర్చుని, 'కాగితము శ్వేతవర్ణము' దగ్గర ఆగిపోయారు.

డైరెక్టరు గారి గదిలో అత్యవసర సమావేశం. కాగితం బల్ల మధ్యలో ఉంది. డైరెక్టరు గారు దాన్ని తిప్పి చూశారు, వెలుతురుకి పెట్టి చూశారు. అకౌంట్సు ఆఫీసరు వేలితో తడిమి, "ఇక్కడ కొంచెం ఎత్తుగా ఉందండీ," అన్నాడు. కరుణని పిలిపించారు.

"నీవు ఏమి కోరుచున్నావో చదివి వినిపించుము," అన్నారు ఆచార్యులు గారు.

"అయ్యో, కుదరదండీ. ఒకరు చదవాల్సింది ఇంకొకరు చదివి వినిపించకూడదు. సైగ కూడా చెయ్యకూడదు," అంది కరుణ.

"బయటివారిచేత చదివించవచ్చునా?" అని డైరెక్టరు గారు నన్నడిగారు.

"బదిలీల విషయం రహస్యం సార్," అన్నాను. రూలు చెప్పడం నా డ్యూటీ.

"మరి కావలిస్తే వర్ణించమంటారా?" అంది కరుణ. "ఇది ఒక కాగితం. దాని మీద చుక్కలున్నాయి. మజ్జెలో కొంత విషయం ఉంది."

డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. ఆమెని బయటికి పంపించారు. గోడ గడియారం చూశారు. ఆ సాయంత్రమే పైకి రిపోర్టు పోవాలి: దివ్యాంగ ఉద్యోగుల అర్జీలు ఎన్ని పెండింగులో ఉన్నవి? ఆ గడిలో సున్నా లేకపోతే సంజాయిషీ రాసుకోవాలి. అర్జీ చదవలేకపోయామని రాస్తే, చదవగలిగేలా ఉండాలని రూలు ఎందుకు వచ్చిందో మాకు అర్థమైందని ఒప్పుకున్నట్టవుతుంది. తిరస్కరిద్దామంటే కారణం రాయాలి. ఆమోదిస్తే ఏ కారణమూ అక్కర్లేదు. ఆయన మరీ ఆలోచించలేదు. పెన్ను తీసి ఆ బొడిపెల మీదే ఆకుపచ్చ ఇంకుతో రాశారు: 'క్షుణ్ణంగా చదివితిని. సహేతుకముగా ఉన్నది. ఆమోదించడమైనది. సూపరింటెండెంటు వెంటనే అమలుపరచవలెను.' కింద ముమ్మారు సుడి తిరిగి రెండు చుక్కలతో విశ్రమించారు.

అమలుపరచవలసినది నేను. దేన్ని అమలుపరచాలో తెలియదు. నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆకుపచ్చ ఇంకు పడ్డాక అమలు కాని కాగితం లేదు. కాగితం పట్టుకుని కరుణ దగ్గరికి పరుగెత్తాను.

"ఆమోదించేశారమ్మా! ఏం రాశావో చెప్పు."

"చదివి వినిపించకూడదు కదండీ."

"నీకు దణ్ణం పెడతాను. అమలు చెయ్యకపోతే నా పీక మీదకొస్తుంది."

"నిజంగా అమలు చేస్తారా?"

"ఆర్డరు పడ్డాక చెయ్యకపోవడవేంటి! నన్నేమనుకుంటున్నావ్?"

ఆమె ఆ కాగితం అందుకుంది. వేళ్ళు మొదటి వరస మీద పెట్టి నెమ్మదిగా చదివింది.

"అయ్యా, బదిలీల జాబితాలో నా పేరు పక్కన ఏం రాసుందో సూపరింటెండెంటు వీరభద్రయ్య గారి చేత నాకు ఒక్కసారి చదివించండి. ఆయన మంచాయనే. చదవమని ఆర్డరుంటే చదువుతారు."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. నేను ఆమె కంప్యూటరు ముందు కూర్చుని జాబితా తెరిచాను. అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి, కళ్ళజోడు పైకి తోసుకుని తెరకి ముఖం ఆనించాను. టైపు చప్పుళ్ళు ఆగిపోయాయి. హాల్లో అందరూ వినేలా చదివాను.

"వరుస సంఖ్య పదకొండు. బి. కరుణ, టెలిఫోన్ ఆపరేటరు. గుమ్మిడికోన."

ఇంకా ఏమైనా ఉందేమోనని కరుణ ఆగింది. "ఇంతేనాండీ?"

"ఇంతేనమ్మా."

"ఈ ఒక్క ముక్కకా సార్ ఇన్ని రోజులు?" అంది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. అభ్యంతరం టకటకా కొట్టేసింది. నేనే ప్రింటు తీసి, ఆమె చేత సంతకం పెట్టించి, ఆఫీసు మూసేలోపు ఇన్‌వర్డులో వేశాను. ఆ సంతకం కింద వర్ణన రాయడానికి ఆచార్యులు గారు వస్తే, "తర్వాత రండి," అని కసిరాను.

తర్వాతి బుధవారం బదిలీలు ఖాయం చేస్తూ, రద్దు చేస్తూ ఆర్డర్లు వెబ్‌సైటులో పెట్టారు. స్కానర్లో పక్కకి ఒరిగి, తలగడతో, లాంతరుతో. కరుణ హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని అవన్నీ విన్నది. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ నా బల్ల దాకా వచ్చింది. ఆచార్యులు గారు అప్పుడు నా పక్కనే నిలబడి ఉన్నారు. నాకు దొరికిన అనుమతి ఆ ఒక్క జాబితాకే. ఈ ఆర్డరుకి లేదు. సర్క్యులరు ఇంకా అమల్లోనే ఉంది. నేనే ఫైలు చేశాను.

"సార్," అంది. "ఉన్నానా, పోయానా?"

ఆచార్యులు గారు నా వంక చూశారు. నేను కుర్చీ వెనక్కి తోసి లేచి, డైరెక్టరు గారి గదిలోకి కూడా వినపడేలా అరిచాను.

"ఉన్నావమ్మా! ఇక్కడే ఉన్నావు!"